లైబ్రరీ క్లాసులో ఏం చెప్పాలి, ఏం వదిలేయాలి: సమాచార సాక్షరత నేర్పేవాళ్ల కోసం

నా మొదటి లైబ్రరీ క్లాసులో 48 స్లైడ్లు చూపించాను. పదకొండు డేటాబేసులు, ఒక్కోదానికీ లాగిన్ ఎలా, అడ్వాన్స్‌డ్ సెర్చ్ బటన్ ఎక్కడుంటుంది, పీడీఎఫ్ ఎలా దించుకోవాలి, ఏదీ వదల్లేదు. చివర్లో "డౌట్లేమైనా ఉన్నాయా?" అంటే వెనక వరసలోంచి ఒక్క చెయ్యి లేచింది. "సార్, ప్రింటర్ ఎక్కడుంది?"

ఆ అబ్బాయిని తప్పు పట్టడానికేం లేదు. ఆ రోజు అతనికి అవసరమైంది అదొక్కటే, నేను చెప్పనిదీ అదొక్కటే. అప్పట్నుంచి ఏడాదికి కొన్ని చొప్పున స్లైడ్లు తీసేస్తూ వచ్చాను, ఇప్పుడు నాలుగు మిగిలాయి. యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తూ, "మా పిల్లలకి ఒక గంట లైబ్రరీ గురించి చెప్పండి" అనే కబురు అందుకునేవాళ్లకి ఆ గంటను ఎలా వాడాలో చెప్పడమే ఇక్కడ నా ఉద్దేశం.

ముందు 'సమాచార సాక్షరత' అన్న మాట సంగతి. ఇంగ్లీషులో ఇది ఇన్ఫర్మేషన్ లిటరసీ. 'ఇన్ఫర్మేషన్ లిటరసీ' అన్న పదాన్ని 1974లో వాడుకలోకి తెచ్చింది పాల్ జర్కౌస్కీ. ఆయన లైబ్రేరియన్ కాదు, అమెరికాలో సమాచార వ్యాపార సంస్థల సంఘానికి అధ్యక్షుడు. ఉద్యోగులు తమ పనిలో సమాచార వనరుల్ని వాడుకోవడం గురించి ఆయన మాట్లాడాడు. 1989లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ కమిటీ ఇచ్చిన నిర్వచనం మనకు ఎక్కువ పనికొస్తుంది: సమాచారం ఎప్పుడు అవసరమో గుర్తించడం, దాన్ని వెతికి పట్టుకోవడం, మంచిచెడులు తేల్చుకోవడం, సరిగ్గా వాడుకోవడం. నాలుగు పనులు. మనలో చాలామందిమి మొదటిదాన్ని దాటేసి నేరుగా రెండోదాంట్లోకి దూకుతాం, అదీ బటన్లు చూపించడంతోనే సరిపెడతాం.

మొదటి మెట్టు: అసైన్‌మెంట్ కాగితం చేతికొచ్చేదాకా తేదీ ఇవ్వకండి

అధ్యాపకులు క్లాసు అడిగినప్పుడు మూడు విషయాలు కనుక్కోండి. అసైన్‌మెంట్ ప్రశ్న ఉన్నదున్నట్టుగా, సమర్పించాల్సిన తేదీ, పోయినేడాది పేపర్లు దిద్దుతుంటే ఎక్కడ చిరాకేసిందో. ఈ మూడోది అడిగితే చాలు, మీ క్లాసు సగం తయారైపోతుంది. "అందరూ మొదటి పేజీలో కనపడ్డ మూడు లింకులే పెడతారండీ" అంటే ఒక రకం క్లాసు కావాలి, "మంచి ఆర్టికల్సే పెడతారు, కానీ చదివినట్టుండదు" అంటే పూర్తిగా వేరే క్లాసు కావాలి.

తేదీ విషయంలో కాస్త మొండిగా ఉండండి. విద్యార్థి టాపిక్ ఎంచుకున్నాక, రాయడం మొదలుపెట్టకముందు క్లాసు జరగాలి. కాలేజీలో చేరిన మొదటి వారంలో పెట్టే ఓరియెంటేషన్‌లో డేటాబేసుల గురించి ఎంత చెప్పినా నిలవదు, ఎందుకంటే అప్పటికి వాళ్లు వెతకాల్సిందేమీ లేదు. ఓరియెంటేషన్‌లో దారి చూపించండి, మనుషుల్ని పరిచయం చేయండి, ప్రింటర్ చూపించండి, చాలు.

ఇంకొకటి. "నేను ఆ రోజు ఉండను, నా క్లాసు మీరు తీసుకోండి" అనేవాళ్లుంటారు. ఒప్పుకోకండి. టీచర్ లేని గదిలో లైబ్రేరియన్ క్లాసు ఎవరికైనా ఖాళీ పీరియడ్ లాగే కనిపిస్తుంది. టీచర్ అక్కడే కూర్చుని మధ్యలో "ఇది మీ మార్కులకి ముఖ్యం" అని ఒక్క మాట అంటే, అది మనం పది నిమిషాలు మాట్లాడిన దానికన్నా బలంగా తగులుతుంది.

అప్పుడప్పుడూ తప్పు అసైన్‌మెంట్‌లోనే ఉంటుంది. "ఇంటర్నెట్ వాడకూడదు" అని రాసి, కిందనే "కనీసం ఐదు జర్నల్ ఆర్టికల్స్ ఉండాలి" అంటారు. జర్నల్సన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లోనే కదా ఉన్నాయి! విద్యార్థి రెండిట్లో దేన్ని పాటించాలి? ఈ మాట అందరి ముందూ కాకుండా, ముందే, మెత్తగా చెప్పాలి.

రెండో మెట్టు: గంటకి ఒకే లక్ష్యం

ఇక్కడ లైబ్రరీ సంఘాలు ఇచ్చిన ప్రమాణాల జాబితాలు కొంతవరకు సాయపడతాయి. అమెరికాలో కళాశాల, పరిశోధన లైబ్రరీల సంఘం 2000లో సామర్థ్య ప్రమాణాల జాబితా ఇచ్చింది, 2016లో దాన్ని రద్దుచేసి ఆరు మూల భావనల చట్రాన్ని నిలబెట్టింది. వాటి సారం ఇది: ప్రామాణికత సందర్భాన్ని బట్టి ఏర్పడుతుంది, సమాచారం తయారవడం ఒక ప్రక్రియ, సమాచారానికి విలువ ఉంది, పరిశోధన అంటే ప్రశ్నలు వేస్తూ పోవడం, పాండిత్యం ఒక సంభాషణ, వెతకడం వ్యూహంతో కూడిన అన్వేషణ. బ్రిటన్‌లో యూనివర్సిటీ లైబ్రరీల సంఘం స్కోనల్ 1999లో 'ఏడు స్తంభాల' నమూనా తెచ్చి 2011లో సవరించింది. రెండూ చదవండి, కానీ క్లాసులో ఎత్తకండి. ఆరు భావనలు స్లైడ్ మీద పెట్టి చదివి వినిపించిన సెషన్ ఒకటి నేను ప్రేక్షకుడిగా చూశాను, పాపం ఆ పిల్లలు!

నా పద్ధతి ఏమిటంటే, క్లాసుకి ముందు ఒక వాక్యం రాసుకుంటాను: "ఈ గంట అయ్యేసరికి విద్యార్థి ... చేయగలడు." ఆ ఖాళీలో కంటికి కనిపించే పని ఉండాలి. "డేటాబేసుల ప్రాముఖ్యతను అర్థం చేసుకుంటాడు" అంటే కుదరదు, అర్థమైందో లేదో ఎవరు చూడొచ్చారు? "తన ప్రశ్నని మూడు ముక్కలుగా విడగొట్టి, ఒక్కోదానికి కనీసం రెండు ప్రత్యామ్నాయ పదాలు రాయగలడు" అంటే కాగితం చూస్తే తెలిసిపోతుంది. ఆ వాక్యానికి పనికిరానిదంతా తీసేయండి, ఎంత ముచ్చటైన ఫీచరైనా సరే. లాగిన్, డౌన్‌లోడ్, ఇంటి నుంచి వాడటం లాంటివి రెండు నిమిషాల వీడియోలు చేసి ముందే పంపేయొచ్చు.

మూడో మెట్టు: వాళ్ల భయాన్ని లెక్కలోకి తీసుకోండి

1986లో కాన్‌స్టెన్స్ మెలన్ 'లైబ్రరీ యాంగ్జైటీ' మీద ఒక వ్యాసం ప్రచురించింది. పరిశోధన కోసం మొదట లైబ్రరీలో అడుగుపెట్టినప్పుడు ఎలా ఉందో రాయమంటే, 75 నుంచి 85 శాతం మంది విద్యార్థులు భయం గురించే రాశారు. మిగతా అందరికీ ఇది వచ్చు, నాకే రాదు, అడిగితే పరువు పోతుంది, ఇదీ ఆ భయం. ఇప్పుడు భవనం బదులు స్క్రీన్ వచ్చింది, టెన్షన్ మాత్రం అదే.

కరోల్ కుల్‌థౌ పరిశోధన దీనికి ఇంకో ముక్క చేర్చింది. టాపిక్ ఎంచుకోగానే ఉత్సాహం వస్తుంది, కానీ చదవడం మొదలుపెట్టాక, అసలు నేనేం అడుగుతున్నాననే స్పష్టత రాకముందు, అయోమయం పెరుగుతుంది. విద్యార్థి ఆ దశలో "నా టాపిక్కే బాగాలేదు" అనుకుని మార్చేస్తాడు, మళ్లీ అదే గుంటలో పడతాడు. అందుకని క్లాసులో ఈ మాట సూటిగా చెప్పేస్తాను: రెండోవారంలో మీకు గందరగోళంగా ఉంటుంది, అది అందరికీ వచ్చేదే, అప్పుడు టాపిక్ మార్చకుండా నా దగ్గరికి రండి. నిజంగానే వస్తారు, అదీ సరిగ్గా రెండోవారంలో.

నాలుగో మెట్టు: వెతకడం, వాళ్ల కళ్లముందే, రిహార్సల్ లేకుండా

ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. ముందే చేసి చూసుకున్న సెర్చ్ నున్నగా సాగిపోతుంది, దాంతో విద్యార్థికి "పని వచ్చినవాళ్లకి ఇలా మొదటిసారే దొరికేస్తుంది" అనే అబద్ధం నేర్పినట్టవుతుంది. మీరు తడబడటం వాళ్లు చూడాలి.

ఒక ఉదాహరణ చెప్తాను. క్లాసులో ఒకమ్మాయి టాపిక్: "ఫోన్ వల్ల కాలేజీ విద్యార్థుల నిద్ర పాడవుతోందా?" ఏం టైప్ చేయమంటావంటే "మొబైల్ స్లీప్" అంది. అన్ని సబ్జెక్టులూ ఉండే పెద్ద డేటాబేసులో అదే కొట్టాను. మొదటి పేజీ నిండా ఏమొచ్చాయనుకున్నారు? మొబైల్ నెట్‌వర్క్ టవర్లు కరెంటు ఆదా చేయడానికి 'స్లీప్ మోడ్'లోకి ఎలా వెళ్లాలో చెప్పే ఇంజినీరింగ్ పేపర్లు. గదంతా నవ్వులు. అక్కడ ఆగి అడిగాను: "ఇందులో మెషీన్ చేసిన తప్పేంటి?" కాసేపటికి ఒకతను అన్నాడు, "తప్పేం లేదు సార్, మనం అడిగిందే ఇచ్చింది." ఆ గంటకి నేను పెట్టుకున్న పాఠం అదే. నా నోటితో చెప్పి ఉంటే నోట్సులో ఇంకో లైను అయ్యేది.

ఆ తర్వాత బోర్డు మీద మూడు గడులు గీశాం. ఫోన్, నిద్ర, విద్యార్థులు. ఒక్కో గడిలో ఆ అర్థానికి పరిశోధకులు వాడే పదాలు క్లాసే చెప్పింది: స్మార్ట్‌ఫోన్, సెల్ ఫోన్, స్క్రీన్ టైమ్, స్లీప్ క్వాలిటీ, ఇన్‌సోమ్నియా, యూనివర్సిటీ స్టూడెంట్స్, అండర్‌గ్రాడ్యుయేట్స్, యంగ్ అడల్ట్స్. ఒకే గడిలోని పదాల మధ్య 'ఆర్', గడికీ గడికీ మధ్య 'అండ్'. నిలువుగా ఆర్, అడ్డంగా అండ్ అని బొమ్మతో చూపిస్తే బూలియన్ అనే పేరు చెప్పకపోయినా నడుస్తుంది. రెండు పదాల్ని విడదీయకుండా వెతకాలంటే కొటేషన్ మార్కులు పెట్టమనండి. పదం చివర నక్షత్రం గుర్తు పెడితే ఆ మొదలుతో వచ్చే పదాలన్నీ దొరుకుతాయి, కానీ మరీ ముందుగా కోస్తే మునుగుతారు. పిల్లుల గురించి వెతుకుతూ 'క్యాట్' తర్వాత నక్షత్రం పెడితే క్యాటలాగులు, క్యాటరాక్టులు కూడా వచ్చి పడతాయి.

ఇప్పుడు ఒక మంచి ఆర్టికల్ దొరికిందనుకోండి. చాలామంది దాన్ని సేవ్ చేసుకుని మళ్లీ సెర్చ్ బాక్సుకి వెళ్లిపోతారు. ఆపండి. ఆ రికార్డులో సబ్జెక్ట్ హెడింగ్స్, అంటే ఒక్కో విషయానికి డేటాబేసు ఖాయం చేసిన పేర్లు, చూపించండి. వైద్య పరిశోధనల డేటాబేసు పబ్‌మెడ్‌లో క్యాన్సర్ పేపర్లకి ఇచ్చే హెడింగ్ 'నియోప్లాజమ్స్', ఇది ఊహించి టైప్ చేసే మొదటి సంవత్సరం విద్యార్థి ఎవరుంటారు? మంచి రికార్డు ఒకటి దొరికితే ఇలాంటి పదాలు వాటంతటవే బయటపడతాయి. తర్వాత ఆ ఆర్టికల్ చివరి రిఫరెన్సులు చూస్తే వెనక్కి వెళ్తాం, గూగుల్ స్కాలర్‌లో 'సైటెడ్ బై' (దీన్ని తర్వాత ఉదహరించిన పేపర్ల జాబితా) నొక్కితే ముందుకి వెళ్తాం. "వీళ్లు ఎవరి మాటకి బదులిస్తున్నారు, వీళ్లకి ఎవరు బదులిచ్చారు" అని చెప్తే, 'పాండిత్యం ఒక సంభాషణ' అన్న ఆ గంభీరమైన వాక్యం దానంతటదే అర్థమవుతుంది.

ఇదంతా మీరు చేయడం పదిహేను నిమిషాలు దాటకూడదు. మిగతాది వాళ్ల చేతులు చేయాలి, ఇద్దరిద్దరుగా, వాళ్ల సొంత టాపిక్ మీద. మీరు గదిలో తిరగండి. మౌస్ మాత్రం ముట్టుకోకండి. ఇది నాకు ఇప్పటికీ కష్టమే, చెయ్యి దానంతటదే పోతుంది, అందుకే చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతాను.

ఐదో మెట్టు: నమ్మాలా వద్దా

చాలా లైబ్రరీల్లో ఇప్పటికీ క్రాప్ టెస్ట్ నేర్పుతున్నారు. 2004లో కాలిఫోర్నియాలోని చీకో యూనివర్సిటీ లైబ్రరీ నుంచి వచ్చిన చెక్‌లిస్ట్ అది: కొత్తదనం, సంబంధం, ప్రామాణికత, కచ్చితత్వం, ఉద్దేశం. ప్రశ్నలు మంచివే. చిక్కేమిటంటే, జాబితా చేతికివ్వగానే విద్యార్థి ఆ పేజీలోనే కూర్చుని జవాబులు వెతుకుతాడు. 'మా గురించి' పేజీ ఉందా, ఉంది. తేదీ ఉందా, ఉంది. డిజైన్ బాగుందా, బ్రహ్మాండం. మోసం చేయదలుచుకున్నవాడు ముందు సర్దిపెట్టేవి ఇవే కదా.

స్టాన్‌ఫర్డ్‌కి చెందిన సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో ఒక అధ్యయనం వెలువరించారు. చరిత్ర ప్రొఫెసర్లు, స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు, వృత్తిరీత్యా ఫ్యాక్ట్ చెకింగ్ చేసేవాళ్లు వెబ్‌సైట్లను ఎలా అంచనా వేస్తారో గమనించారు. మొదటి రెండు గుంపుల్లో చాలామంది పేజీని పైనుంచి కిందికి చదివి పైపై మెరుగులకి మోసపోయారు. ఫ్యాక్ట్ చెకర్లు పేజీని సరిగ్గా చూడకముందే కొత్త ట్యాబులు తెరిచి, ఈ సంస్థ గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో వెతికారు. తక్కువ సమయంలో సరైన నిర్ణయానికొచ్చారు. దీన్నే లేటరల్ రీడింగ్ అంటారు, పక్కచూపు చదువు అనుకోండి. మైక్ కాల్‌ఫీల్డ్ రూపొందించిన సిఫ్ట్ పద్ధతిలో కూడా ఇదే ప్రాణం: ఆగు, మూలం ఎవరో చూడు, అదే సంగతి ఇంకెక్కడైనా మెరుగ్గా ఉందేమో వెతుకు, మాటని దాని పుట్టుకదాకా పట్టుకెళ్లు.

క్లాసులో ఇలా చేయించండి. తటస్థంగా కనిపించే, ఏదో ఒక పరిశ్రమ డబ్బుతో నడిచే సైటు లింకు ఇచ్చి ఐదు నిమిషాలు టైమ్ పెట్టండి. ఒకే నియమం: ఆ పేజీని కిందికి స్క్రోల్ చేయకూడదు. మొదటి నిమిషం అవస్థ పడతారు, తర్వాత ఎవరో ఒకరు సంస్థ పేరు వేరే ట్యాబులో కొడతారు, ఇంక గదిలో గోల మొదలవుతుంది.

దీన్ని వెబ్‌సైట్ల దగ్గరే ఆపేస్తే మాత్రం "జర్నల్‌లో వస్తే నిజం" అనే నమ్మకం మనమే నాటినవాళ్లమవుతాం. దానికి నేను వాడే ఉదాహరణ, టీకాకీ ఆటిజానికీ ముడిపెట్టిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ పేపర్. 1998లో లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో వచ్చింది, అందులో ఉన్నది 12 మంది పిల్లలు. పూర్తిగా ఉపసంహరించింది 2010లో. పేరున్న జర్నల్, పీర్ రివ్యూ (అచ్చుకి ముందు అదే రంగం నిపుణులు చేసే పరిశీలన), డాక్టర్లు రాసింది, వేల సైటేషన్లు, అంటే చెక్‌లిస్ట్‌లో ఒక్క ప్రామాణికత దగ్గరే దీనికి నిండా మార్కులు పడతాయి. ఆ సైటేషన్లలో ఎన్నో దాన్ని తప్పుపడుతూ చేసినవేనని విద్యార్థులకి చూపించండి. 'ఎంతమంది ఉదహరించారు' అనే అంకె పక్కన 'ఎందుకు ఉదహరించారు' అనే ప్రశ్న పుట్టేది అక్కడే. డేటాబేసుల్లో రిట్రాక్షన్ (ఉపసంహరణ) నోటీసు ఎక్కడ కనిపిస్తుందో కూడా అప్పుడే చూపించేయండి.

చిన్న సంగతే, చాలామందికి తెలియదు: డేటాబేసులో 'పీర్ రివ్యూడ్' గడి టిక్ చేస్తే సాధారణంగా వడకట్టేది జర్నల్ స్థాయిలో. ఆ జర్నల్లోని సంపాదకీయాలు, ఉత్తరాలు, పుస్తక సమీక్షలు కూడా జాబితాలోకి వచ్చేస్తాయి.

ఆరో మెట్టు: చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సులు

2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక మా డెస్క్ దగ్గర కొత్త రకం ప్రశ్న మొదలైంది. "ఈ ఆర్టికల్ మీ దగ్గర లేదా సార్?" మన దగ్గరే కాదు, ఎక్కడా ఉండదు. పేరు నిజమైన ప్రొఫెసర్‌ది, జర్నల్ నిజమైనది, సంచిక నంబరు కూడా ఉంటుంది, ఆర్టికల్ మాత్రం ఎవరూ రాయలేదు. పెద్దవాళ్లకీ ఇది తప్పలేదు: 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌బాట్ పుట్టించిన లేని కేసుల్ని కోర్టుకి సమర్పించారు, వాళ్లకూ వాళ్ల సంస్థకూ కలిపి 5,000 డాలర్ల జరిమానా పడింది.

వాడొద్దని ఉపన్యాసం ఇస్తే బయటికెళ్లి వాడతారు. దానికి బదులు, చాట్‌బాట్ ఇచ్చిన ఐదు రిఫరెన్సుల జాబితా తెచ్చి ఒక్కోదాన్నీ వెతకమనండి. అసలు ఉందా? ఉంటే, చాట్‌బాట్ చెప్పిందే అందులో ఉందా? డీఓఐ (ఒక్కో ఆర్టికల్‌కి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఇంకేదో పేపర్‌కి తీసుకెళ్తోందా? రెండో రకం ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే ఆర్టికల్ దొరకగానే విద్యార్థి తృప్తిపడి చదవడం మానేస్తాడు. పనికొచ్చే వైపు కూడా చూపించండి: ఇందాకటి మూడు గడుల్లో పర్యాయపదాలు నింపడానికి చాట్‌బాట్ బాగా ఉపయోగపడుతుంది. తప్పు పదం ఇచ్చినా నష్టం లేదు, సెర్చ్‌లోనే తేలిపోతుంది.

సైటేషన్ల గురించి ఎక్కువ చెప్పను. కామా ఎక్కడ పెట్టాలో నేర్పడానికి గంట ఖర్చుపెట్టకండి. రిఫరెన్సుల్ని దాచిపెట్టే జొటేరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టించి, కనిపించినప్పుడే సేవ్ చేసుకోవడం అలవాటు చేయండి. ఇంకొకరి మాటని ఎందుకు చెప్పి వాడుకోవాలో మాత్రం మాట్లాడండి.

ఏడో మెట్టు: నేర్చుకున్నారో లేదో చూసుకోవడం

క్లాసు బాగుందా అని అడిగే ఫీడ్‌బ్యాక్ ఫారాలు మన మనసుకి హాయిగా ఉంటాయి, అంతకుమించి వాటివల్ల తెలిసేది తక్కువ. చివరి మూడు నిమిషాలు ఒక చీటీ ఇవ్వండి: ఈరోజు నేర్చుకున్న ఒక్క విషయం, ఇంకా అర్థం కాని ఒక్క విషయం. రెండో లైనే ముందు చదవండి. ముప్పై చీటీల్లో పన్నెండింట్లో ఒకే డౌటు ఉంటే, లోపం చెప్పిన పద్ధతిలో ఉన్నట్టు. జవాబు టీచర్ ద్వారా ఆ వారంలోనే పంపేయండి.

దీనికన్నా గట్టిది సెర్చ్ లాగ్. అసైన్‌మెంట్‌తో పాటు ఒక పేజీ: ఎక్కడ వెతికాను, ఏ పదాలు వాడాను, ఏం వచ్చింది, తర్వాత ఏం మార్చాను. దానికి టీచర్ కొద్దిపాటి మార్కులైనా పెట్టాలి, మార్కుల్లేని పేజీ ఎవరూ రాయరు. ఇంకా ఓపికుంటే, టీచర్ అనుమతితో, పేర్లు తీసేసిన ఒక పది పేపర్ల రిఫరెన్స్ జాబితాలు తెచ్చుకుని చదవండి. జాబితా అందంగా ఉందా అని కాదు, పేపర్లో ఒక వాక్యం తీసుకుని, దానికిచ్చిన రిఫరెన్సు తెరిచి, ఆ మాట అందులో ఉందో లేదో చూడండి. నేను మొదటిసారి చూసినప్పుడు, వాక్యాలు చాలావరకు సారాంశం పేరా దాటి లోపలికి వెళ్లలేదు. ఆ మరుసటి సెమిస్టర్‌లో డేటాబేస్ చూపించడం మానేసి, ఒకే ఒక్క ఆర్టికల్‌ని గంటసేపు ఎలా చదవాలో చెప్పాను.

ఎనిమిదో మెట్టు: ఒక్క గంట చాలదని తెలిశాక

చాలదు. మొదటి సంవత్సరంలో ప్రశ్నని పదాలుగా విడగొట్టడం, మధ్యలో ఆ సబ్జెక్టు డేటాబేసూ మూలాల పరిశీలనా, చివరి ప్రాజెక్టు దగ్గర సాహిత్య సమీక్ష (ఆ విషయం మీద ఇప్పటిదాకా వచ్చిన పరిశోధనల సమీక్ష), ఇలా మూడు చోట్ల పాదుకుంటే పని జరుగుతుంది. అందుకు డిపార్ట్‌మెంట్ సిలబస్ తీసుకుని, నిజంగా వెతికి రాయాల్సిన అసైన్‌మెంట్లు ఏయే కోర్సుల్లో ఉన్నాయో పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోండి. అవి మీరనుకున్నదానికన్నా తక్కువే ఉంటాయి. అన్ని డిపార్ట్‌మెంట్లకీ ఒకేసారి ఉత్తరాలు పంపకండి, ఒప్పుకున్నారంటే చేయడానికి మనుషులు చాలరు. పోయినసారి క్లాసు అయ్యాక "పేపర్లు కాస్త మెరుగయ్యాయండీ" అన్న ఆ ఒక్క టీచర్‌ని పట్టుకోండి. డిపార్ట్‌మెంట్ మీటింగులో పది నిమిషాలు మాట్లాడే అవకాశం మీకు ఇప్పించమనండి, వెళ్లేటప్పుడు స్లైడ్లు కాకుండా క్లాసుకి ముందొకటి, తర్వాతొకటి, పేర్లు తీసేసిన రెండు రిఫరెన్స్ జాబితాలు పట్టుకెళ్లండి.